వాతావరణ చర్చల్లో కులం మాట ఎప్పుడు?

2024 ఏప్రిల్ 30న ఖరగ్‌పూర్ పక్కనున్న కలైకుండాలో 47.2 డిగ్రీల ఎండ కాసింది. ఆ రోజు దేశంలో అదే అత్యధికం. అలాంటి ఎండలో అందరూ నీడ వెతుక్కుంటారు. ట్రాక్‌మన్ మాత్రం బయటికి రావాలి. వేడికి పట్టా సాగి వంకర తిరిగే ప్రమాదం ఉంటుంది. అందుకే పట్టా ఉష్ణోగ్రత హద్దు దాటితే రైల్వేలో 'హాట్ వెదర్ పెట్రోలింగ్' మొదలవుతుంది. అంటే ఎండ ఎంత ముదిరితే అతనికి అంత నడక.

ఈ ఎండకు బాధ్యులెవరు? అంతర్జాతీయ వేదికల మీద ఇండియా చెప్పే జవాబు సరైనదే. తక్కువ కాలుష్యం చేసినవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు, కాబట్టి ధనిక దేశాలే ముందు భారం మోయాలి. 1992 రియో సదస్సు నుంచి ఉన్న సూత్రమిది. 2024లో బాకులో 2035 నాటికి ఏటా 300 బిలియన్ డాలర్లంటూ సరిపెడితే మన ప్రతినిధి అక్కడే అభ్యంతరం చెప్పారు. 2025లో అమెరికా పారిస్ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, నష్టపరిహార నిధి బోర్డును వదిలేసింది, బెలెం సదస్సుకు అధికార బృందాన్నే పంపలేదు.

ఇలాంటి సమయంలో కులం గురించి మాట్లాడితే దేశం వాదన బలహీనపడుతుందని అంటారు. 2001 డర్బన్ సదస్సులోనూ మన ప్రభుత్వం కులం చర్చకు రాకుండా అడ్డుపడింది. 2015 పారిస్ ఒప్పందం పీఠికలో ఆదివాసులు, వలస వచ్చినవారు, పిల్లలు, వికలాంగుల ప్రస్తావన ఉంది. కులం లేదు. కానీ బెలెంలో నల్లజాతి సంఘాల పట్టుదల వల్ల ఆఫ్రికా సంతతి ప్రజల ప్రస్తావన తొలిసారి నిర్ణయ పత్రాల్లోకి ఎక్కింది. దానివల్ల బ్రెజిల్ పరువేమీ పోలేదు.

మనకు ఇంతకన్నా పాత ఉదాహరణ ఉంది. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో బాబాసాహెబ్ అంబేద్కర్ బ్రిటిష్ పాలన అంటరానివారికి ఏమీ చేయలేదని ముఖం మీదే చెప్పారు. అదే నోటితో, రాబోయే స్వపరిపాలనలో మా వాటా ఏమిటని అడిగారు. ముందు ఇది తేలనీ, అది తర్వాత చూద్దామనలేదు. 1938లో మన్మాడ్‌లో అణగారిన రైల్వే కార్మికుల సదస్సులోనూ ఆయన చూపించింది ఇదే: గ్యాంగ్‌మన్‌గా పనికొచ్చేవాడు స్టేషన్ పోర్టరుగా ఎందుకు పనికిరాడు? ఎండలో పని ఎవరిదో, నీడలో పని ఎవరిదో అప్పటికే కులం పంచిపెట్టింది.

ఖరగ్‌పూర్ ఆ పంపకం మీద లేచిన ఊరే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చినవాళ్ల మనవలు మథురాకాటి, నీంపురా వీధుల్లో ఇంకా తెలుగు మాట్లాడుతున్నారు. కరువులు, తుఫాన్లు ముదిరేకొద్దీ ఇలాంటి వలసలు పెరుగుతాయి. వలసను కూడా ఒక సర్దుబాటు మార్గంగా వాతావరణ చర్చలు లెక్కేస్తాయి. కానీ షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రానికొకటి. ఒక రాష్ట్రంలోని హోదాతో మరో రాష్ట్రంలో రిజర్వేషన్ అడగలేరని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరిహద్దు దాటితే కులం వెంట వస్తుంది, హక్కు రాదు.

పరిశోధకులుగా మన తప్పూ ఉంది. మన వ్యాసాల్లో 'బలహీన వర్గాలు' అని రాసి ఊరుకుంటాం. ఆ మాట వెనక కులం కనబడదు. ఎండదెబ్బ లెక్కలను కులం, వృత్తి వారీగా సేకరించాలి. ఐక్యరాజ్యసమితికి పంపే నివేదికల్లో ఆ లెక్కలు ఉండాలని ప్రభుత్వాన్ని అడగాలి. వలస కుటుంబాల హోదా వాళ్లతోపాటు రాష్ట్రం దాటేలా చట్టం కోరాలి.

తక్కువ కాలుష్యం చేసినవారికే ఎక్కువ నష్టం అన్న సూత్రం ప్రపంచం ముందు న్యాయమైతే, కలైకుండా ఎండలో పట్టా మీద నడిచేవాడికీ న్యాయమే. ఇంట్లో పాటించే సూత్రాన్ని బయట అడిగే దేశం మాటకు బలం పెరుగుతుందే తప్ప తగ్గదు.