రెండు మెరుపులు, పది సెకన్లు

ఓడలో సెకండ్ ఆఫీసర్‌గా నాది రాత్రి 12 నుంచి 4 దాకా వాచ్ డ్యూటీ. ఒకసారి ఇంగ్లాండులోని ప్లిమత్ వైపు వెళ్తుండగా ఓడలో జీపీఎస్ మొరాయించింది. బయట సన్నటి వాన. కాసేపటికి దూరంగా రెండు మెరుపులు, తర్వాత చీకటి. పది సెకన్లకు మళ్లీ రెండు. స్టాప్‌వాచ్ పట్టుకుని మూడుసార్లు లెక్కపెట్టాను. సందేహం లేదు, ఎడ్డీస్టోన్ దీపస్తంభం. బేరింగ్ తీసి చార్టు మీద గీత గీశాకే చల్లారిన టీ గొంతు దిగింది.

ఒడ్డుకు దాదాపు 14 కిలోమీటర్ల దూరంలో, అలలు కమ్మేసే రాళ్ల మీద ఉంటుందా దీపం. అక్కడ మొదటి స్తంభాన్ని 1698లో వెలిగించినవాడు హెన్రీ విన్‌స్టాన్లీ. పని నడుస్తుండగా ఫ్రెంచివాళ్లు ఆయన్ని పట్టుకుపోయారు. అప్పుడు రెండు దేశాలకూ యుద్ధం. అయినా పద్నాలుగో లూయీ రాజు ఆయన్ని వదిలిపెట్టించాడు. ఆ దీపం తన ఓడలకూ దారి చూపుతుందని రాజుకు తెలుసు. 1703 తుపాను స్తంభాన్నీ, ఆ రాత్రి అందులోనే ఉన్న విన్‌స్టాన్లీనీ కలిపి మింగేసింది. తర్వాతి స్తంభం 1755లో కాలిపోయింది. 1759లో జాన్ స్మీటన్ రాళ్లను ఒకదాన్నొకటి కరుచుకునేలా చెక్కించి, నీళ్లలోనూ గట్టిపడే సున్నంతో మూడోది కట్టాడు. 1882లో వెలిగిన నాలుగోదే నేను చూసింది. 1982 నుంచి అందులో కాపలాదారు లేడు. దీపం మాత్రం ఆరలేదు.

‘‘ఫోన్‌లో మ్యాప్ ఉండగా ఇంకా ఈ దీపస్తంభాలెందుకు తాతయ్యా?’’ అంటాడు మా మనవడు. జీపీఎస్‌ను నడిపేది అమెరికా సైన్యం. 20 వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఆ సంకేతం ఎంత బలహీనమంటే, కింద ఓ చిన్న యంత్రం పెట్టి దాన్ని నొక్కేయొచ్చు, తప్పుదారీ పట్టించొచ్చు. 2017లో నల్లసముద్రంలో కొన్ని ఓడలు నీళ్ల మీద ఉండగానే తెరలు మాత్రం వాటిని ఒడ్డున విమానాశ్రయంలో చూపించాయి. కిటికీలోంచి కనిపించే దీపంతో అలా అబద్ధం ఆడించడం అంత తేలిక కాదు. చూసేవాడిది ఏ జెండా అని కూడా అది అడగదు.

మన దేశంలో 2024లో 75 దీపస్తంభాల దగ్గర పర్యాటక వసతులు ప్రారంభించారు. సంతోషమే. పిల్లల్ని తీసుకెళ్లండి, సెల్ఫీలు దిగండి. కానీ పద్దు రాసేటప్పుడు మెట్ల రంగు కన్నా ముందు దీపం ఖర్చు రాయండి. దాని కోసం ఏ రాత్రో, ఏ వానలోనో, ఒకడు సెకన్లు లెక్కపెట్టుకుంటూ నిలబడి ఉంటాడు.