కంచె సరే, చేను మాటేమిటి?

ఆగస్టు 15 వస్తుంది, జనవరి 26 వస్తుంది, జూలై 26న కార్గిల్ విజయ దినం వస్తుంది. ఆ రోజుల్లో వీధి చివర మైకు పొద్దున్నుంచీ దేశభక్తి పాటలు పాడుతుంది. పిల్లలు చొక్కాకు కాగితపు జెండా గుచ్చుకొని, బడిలో పంచే మిఠాయి కోసం పెందలాడే తయారవుతారు. పెద్దవాళ్లం సెల్‌ఫోనులో నలుగురికి నాలుగు సందేశాలు పంపి, టీవీలో పెరేడు చూసి, ఎవరో వీరుడి తల్లి పతకం అందుకుంటూ ఉంటే కళ్లు తుడుచుకొని, ఆపైన భోజనానికి లేస్తాము. ఆ కన్నీళ్లు దొంగ కన్నీళ్లని నేననను. మన జనానికి సైనికుడి మీద ఉన్న గౌరవం నిఖార్సయినదే. వచ్చిన చిక్కల్లా మర్నాటితోనే.

మర్నాడు పొద్దున్నే ఆ పెద్దమనిషే, చుట్టు తిరిగి రావడానికి బద్ధకించి, స్కూటరు మీద ఎదురుదారిలో వస్తాడు. నిన్న 'జై జవాన్' అని సందేశం పంపిన వేలే, ఇవాళ ఎర్రదీపం చూసి ఆగినవాడి వెనక హారను నొక్కుతుంది. నిన్న జెండా ఎగరేసిన చోటనే ఇవాళ అరటితొక్కలూ, ప్లాస్టిక్ సంచులూ పడి ఉంటాయి.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి అంటారు పెద్దలు. మనకు ఆ బాధ లేదు. కంచె కంచెలాగే నిలబడి ఉన్నది. 1984 నుంచీ సియాచిన్ మంచు మీద మన సైనికులు కాపలా కాస్తున్నారు. అక్కడ చలి సున్నాకు దిగువన 50 డిగ్రీల దాకా పోతుంది. శత్రువు తూటా తగిలి పోయినవారికంటె, చలికీ, విరిగిపడే మంచుకూ, ఊపిరాడని గాలికీ బలైపోయినవారే అక్కడ ఎక్కువ. అంచేత కంచె గట్టిదే. అడగవలసింది చేను మాట.

వీరుణ్ణి తలుచుకోవడంలో మన పూర్వులు ఏం చేశారో చూడండి. ఆంధ్రదేశంలోనూ తెలంగాణలోనూ ఏ పాత గ్రామం పొలిమేరకు పోయినా ఒక వీరగల్లు కనిపించవచ్చు. 'కల్లు' అంటే రాయి. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం నిలిచి ప్రాణం విడిచినవాడికి, శత్రువుతో పోరాడి పడిపోయినవాడికి, ఊరు నిలబెట్టిన రాయి అది. కొన్నిటి మీద కింద వరుసలో యుద్ధం, మధ్యలో వీరుణ్ణి అప్సరసలు తీసుకుపోవడం, పైన అతడు శివలింగం ముందు కూర్చోవడం చెక్కి ఉంటాయి. అయితే రాయి నిలబెట్టి చేతులు దులుపుకోలేదు వాళ్లు. అలా పోయినవాడి కుటుంబానికి భూమి ఇచ్చినట్టు చెప్పే శాసనాలు కూడా ఉన్నాయి. రాయి వీరుడికి, అన్నం అతని పిల్లలకు. ఈ రెండోది లేకపోతే మొదటిదానికి అర్థం లేదని వాళ్లకు తెలుసు.

పల్నాడులో కారెంపూడికి పోయి చూస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. పల్నాటి యుద్ధం జరిగి ఎనిమిది వందల ఏళ్లు దాటినా, కార్తీక అమావాస్య వచ్చేసరికి అక్కడ ఐదు రోజులపాటు వీరారాధన జరుగుతూనే ఉన్నది. ఆ ఉత్సవంలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచేది కత్తులూ కొణతాలూ కాదు, చాపకూడు. కులం ఎంచకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినే అన్నం అది. బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి అని చెబుతారు. వీరుల పేరు చెప్పుకొని ఏటా ఆ అన్నం తింటున్నారంటే, వాళ్లు దేనికోసం నిలబడ్డారో ఆ పనిని ఒక్కపూటైనా తిరిగి చేస్తున్నారన్నమాట. దండ వేయడంకంటె ఇది కష్టం. అందుకే దండకంటె ఎక్కువకాలం నిలిచింది.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోవద్దు. 1965లో పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. దేశంలో తిండిగింజల కరువు కూడా ఉన్నది. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ప్రజలను వారానికి ఒక్కపూట భోజనం మానమని కోరారు. చాలా ఇళ్లలో సోమవారం రాత్రి పొయ్యి వెలగలేదు. చాలా హోటళ్లు ఆ సాయంత్రం తలుపులు మూశాయి. ఆ ఒక్కపూట అన్నంతో యుద్ధం గెలవలేదు, నిజమే. కాని సరిహద్దులో ఒకడు ఆకలి ఓర్చుకుంటున్నాడని ఇంట్లో పిల్లవాడికి కూడా కడుపులో తెలిసింది. మాటతో చెబితే అలా తెలియదు.

ఇక నేటి సంగతి. సైనికుడు అనగానే మనకు ఎక్కడో హిమాలయాల మీద తుపాకి పట్టుకొన్న బొమ్మ కనిపిస్తుంది. ఆ బొమ్మకు ఊరుండదు, ఇల్లుండదు. కాని 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో నేలకొరిగిన 20 మందిలో ఒకరైన కర్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన ఆయనకు 2021లో మహావీర చక్రం ప్రకటించారు. 2025 మే నెలలో జమ్ము కాశ్మీరు సరిహద్దులో ప్రాణమిచ్చిన అగ్నివీరుడు మురళీ నాయక్‌ది గోరంట్ల మండలంలో కల్లి తండా. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఊరినైతే 'మిలిటరీ మాధవరం' అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంనాటి నుంచి ఆ ఊరి ఇళ్లలో తరం వెనక తరం సైన్యానికి పోతూనే ఉన్నది.

ఈ ఊళ్లన్నీ చేను లోపలివే. మన పెళ్లిళ్లలో అప్పగింతలు అని ఒక ఘట్టం ఉన్నది. తండ్రి కూతురి చేతిని పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతుంటే పెళ్లిపందిరి అంతా కంటతడి పెడుతుంది. సైనికుడు పెట్టె తీసుకొని రైలెక్కినప్పుడు కూడా ఒక అప్పగింత జరుగుతున్నది. పాలగిన్నె ఉండదు, మంత్రం ఉండదు. కాని ముసలి తల్లిదండ్రులను, భార్యను, బడికి పోయే పిల్లను, రెండెకరాల పొలాన్ని అతడు ఎవరి చేతిలో పెట్టి పోతున్నాడు? మన చేతిలోనే.

ఆ అప్పగింతను మనం ఎలా నిలబెట్టుకుంటున్నామో మా కాలేజీ ఎన్.సి.సి. కుర్రాడొకడు ఒకసారి చెప్పాడు. వాడి అన్న సైన్యంలో ఉన్నాడు. "మాస్టారూ, జెండా పండుగనాడు మా అమ్మను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. అదే అమ్మ ఒక ధ్రువపత్రం కోసం నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగింది. నాలుగోసారి కూడా రేపు రమ్మన్నారు. అన్నకు ఫోను చేసి చెప్పొద్దంది. చెబితే వాడికి అక్కడ నిద్ర పట్టదంది" అన్నాడు. ఆ శాలువా ఖరీదెంతో నాకు తెలియదు. ఆ 'రేపు' ఖరీదు మాత్రం ఆ తల్లికి తెలుసు.

సైనికుడు ఇంట్లో లేని సమయం చూసి పొలంగట్టు జరిపే పుణ్యాత్ములు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఈ బెడద కొత్తది కాదు. యుద్ధంలోనో అటువంటి ప్రత్యేక పరిస్థితుల్లోనో విధి నిర్వహిస్తున్న సైనికుడి మీద దావా నడిస్తే, అతడు హాజరు కాలేడు గనుక దానిని ఆపి ఉంచవలసి ఉంటుందని 1925లోనే ఒక చట్టం చేశారు. వంద ఏళ్ల కిందటి తెల్లదొరలకు కూడా, ఇంటి దగ్గర పొలం పోతుంటే సరిహద్దులో తుపాకి నిలవదని తెలిసిందన్నమాట. చట్టం కోర్టులో వాయిదా ఇప్పించగలదు. గట్టు జరిపే చేతిని పట్టుకోవలసింది మాత్రం పక్క పొలంవాడే.

"సరేనండీ, నేను ఎర్రదీపం దగ్గర ఆగినంతమాత్రాన సియాచిన్‌లో ఉన్నవాడికి చలి తగ్గుతుందా?" అని మీలో ఒకరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తగ్గదు. కాని ఆ ఎర్రదీపం దగ్గర పిల్లను చెయ్యి పట్టుకొని రోడ్డు దాటుతున్నది అతని భార్య కావచ్చు.

రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. 1999లో కార్గిల్ కొండల మీద సుమారు రెండున్నర నెలలు జరిగిన పోరాటంలో మనవాళ్లు 527 మంది ప్రాణాలిచ్చారు. 2022లో, ఒక్క సంవత్సరంలో, మన దేశపు రోడ్ల మీద ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. అంటే రోజుకు సుమారు 460 మంది. వారిలో 50 వేలమందికి పైగా హెల్మెట్ లేకుండా ద్విచక్ర వాహనం మీద పోతూ చనిపోయినవారు. కార్గిల్‌లో ఎదురుగా శత్రువు ఉన్నాడు, పైనుంచి ఫిరంగి గుండ్లు పడుతున్నవి. ఇక్కడ శత్రువెవరు? ఆఫీసుకు ఆలస్యమైందన్న తొందర, 'ఈ నాలుగడుగులకు హెల్మెట్ ఎందుకులే' అన్న నిర్లక్ష్యం. ఒకడు మన ప్రాణాలు కాపాడటానికి తన ప్రాణం ఇస్తుంటే, ఆ కాపాడిన ప్రాణాన్ని మనం నాలుగురోడ్ల కూడలిలో పారేసుకుంటున్నాము. ఇంతకు మించిన కృతఘ్నత ఉన్నదా?

రైలు సంగతీ అంతే. 2022 జూన్ 17న సికిందరాబాదు స్టేషనులో రైలు పెట్టెలు తగలబడ్డాయి. సైన్యంలో కొత్తగా వచ్చిన నియామక పద్ధతి మీద కోపంతో వచ్చిన యువకుల ఆందోళన అది. పోలీసు కాల్పుల్లో ఒక కుర్రవాడు చనిపోయాడు. వారి కోపం సబబా కాదా అనేది వేరే చర్చ. కాని సైనికుడికి సెలవు దొరికితే అతణ్ణి తల్లి దగ్గరికి చేర్చేది ఆ రైలే. తిరిగి కాపలాకు తీసుకుపోయేదీ ఆ రైలే. ప్రజల ఆస్తిని కాపాడటం, హింసను విడిచిపెట్టడం పౌరుడి విధి అని మన రాజ్యాంగంలో 51-ఎ అధికరణం చెబుతున్నది. 1976లో చేర్చిన ఆ విధుల పట్టిక పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంటుంది. పిల్లలు దానిని కంఠతా పట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఇంట్లో పెద్దలు చదివినట్టు మాత్రం కనిపించదు.

ఓటు మాట కూడా చెప్పుకోవాలి. దూరాన ఉన్న సైనికుడికి ఓటు కాగితం ఇప్పుడు కంప్యూటరు ద్వారా వస్తుంది. దానిని అచ్చు తీసుకొని, గుర్తు పెట్టి, కవరులో అంటించి, తిరిగి తపాలాలో పంపాలి. అంత శ్రమ పడి అతడు ఓటు వేస్తాడు. పోలింగు బూతు వీధి మలుపులోనే ఉన్న మనం ఏం చేస్తున్నాము? 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాదు నియోజకవర్గంలో ఓటు వేసినవారు సగంమంది కూడా లేరు. సెలవిచ్చింది ఓటు వేయడానికి. సగంమంది సెలవు మాత్రం పుచ్చుకున్నారు.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణమిచ్చిన పాతికవేలమందికి పైగా సైనికుల పేర్లు రాతి పలకల మీద చెక్కి ఉన్నాయి. ఆ స్మారకం చుట్టూ నాలుగు చక్రాలు. అన్నిటికీ వెలుపలిదాన్ని రక్షక చక్రం అంటారు. అందులో ఉన్నవి రాళ్లు కావు, ఆరువందలకు పైగా చెట్లు. ఇప్పుడు కాపలా కాస్తున్న సైనికులకు అవి గుర్తు. ఎవరి ఆలోచనో గాని మంచి ఆలోచన. రాతికి ఏడాదికొకసారి దండ వేసినా సరిపోతుంది. చెట్టుకు అలా సరిపోదు, కనిపెట్టి నీళ్లు పోస్తూ ఉండాలి.

1949 నుంచీ ఏటా డిసెంబరు 7 సాయుధ దళాల జెండా దినం. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా ఇచ్చి చందా అడుగుతారు. ఆ సొమ్ము గాయపడ్డ సైనికులకు, అమరుల కుటుంబాలకు, మాజీ సైనికులకు పోతుంది. తోచినంత ఇవ్వండి, పిల్లల చేత ఇప్పించండి. అయితే ఆనాటిదాకా ఆగనక్కరలేదు. ఈ ఆదివారం మీ వీధిలో విచారించి చూడండి, సైన్యంలో కొడుకో అల్లుడో ఉన్న ఇల్లు ఒకటి దొరకకపోదు. ఆ ఇంటికి పోయి, "పెద్దమ్మగారూ, ఏ ఆఫీసులోనైనా మీ కాగితం ఆగిపోయి ఉన్నదా?" అని అడగండి. మీరే ఏదైనా ఆఫీసులో గుమాస్తా అయితే, అడగడం కూడా అవసరం లేదు. మీ బల్ల మీద ఉన్న దస్త్రాల దొంతరలో ఆ కాగితం ఉన్నదేమో సోమవారం పొద్దున్నే చూడండి.