నాడి పట్టే గడియారాన్ని నమ్మవచ్చునా?

పూర్వం మన పల్లెల్లో ఎవరికైనా ఒంట్లో బాగులేదంటే వైద్యుడు వచ్చి మొదట చేసే పని, చెయ్యి పట్టుకొని నాడి చూడడం. ఇప్పుడు ఆ పని గడియారాలు చేస్తున్నాయి. మణికట్టుకు కట్టుకుంటే చాలు, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో అంకెల్లో చూపిస్తాయి. పరుగెత్తేవారు, సైకిలు తొక్కేవారు ఆ అంకెను చూసి ఎంత వేగంగా పోవాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించుకుంటున్నారు.

"మాస్టారూ, ఏ గడియారం కొనమంటారు?" అని విద్యార్థులూ అడుగుతున్నారు, వారి తల్లిదండ్రులూ అడుగుతున్నారు. నా జవాబు చాలామందికి రుచించడం లేదు. అయినా ఇక్కడ చెబుతాను. మొదట గడియారం లేకుండా మీ నాడిని మీరు లెక్కపెట్టడం నేర్చుకోండి. ఆ విద్య రానివారు ఎంత ఖరీదైన గడియారం కట్టుకున్నా, అది నిజం చెబుతున్నదో, తప్పు చెబుతున్నదో తెలుసుకోలేరు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దానికి ఒక కారణం ఉంది.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె 1500 మీటర్ల పరుగులో దిట్ట. కిందటి ఏడాది ఆమెకు మేనమామ ఒక గడియారం కొనిచ్చాడు. మరునాడు ఉదయం మైదానం చుట్టూ నింపాదిగా పరుగెత్తుతుంటే అది 176 చూపించింది. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. తండ్రి హడలిపోయాడు. "మెల్లగా పరుగెత్తితేనే ఇంత కొట్టుకుంటే, పోటీలో ఏమవుతుంది?" అని పరుగు మాన్పించేశాడు. సంగతి నాదాకా వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి.

"ముందు డాక్టరు గారికి చూపించండి. గుండె సంగతి మనం ఊహించి చెప్పకూడదు" అన్నాను. డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి విన్నారు, ఇ.సి.జి. తీయించారు, లోపమేమీ లేదన్నారు. అప్పుడు తండ్రినీ కూతుర్నీ మైదానానికి రమ్మన్నాను. అమ్మాయిని ఎప్పటిలాగే పరుగెత్తమని, నేను గట్టుమీద నిలబడి ఆమె అడుగులు లెక్కపెట్టాను. పదిహేను సెకన్లలో 44. నాలుగుతో గుణిస్తే 176! ఆగీ ఆగగానే మణికట్టు పట్టుకొని నాడి లెక్కపెట్టాను. పదిహేను సెకన్లలో 35. అంటే నిమిషానికి 140. ఆ గడియారం ఇన్నాళ్ళూ లెక్కపెట్టింది ఆమె అడుగులను!

తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. జిల్లా ఎంపిక పోటీలు ఆ ముందు ఆదివారమే అయిపోయాయి. అమ్మాయి బూట్ల తాళ్ళు విప్పుకుంటూ, "అయితే రేపటినుంచి పరుగెత్తనా, నాన్నా?" అని మాత్రం అడిగింది.

గడియారం ఎలా పొరబడింది?

దీనికి జవాబు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. ఈ గడియారాన్ని తిప్పి వెనకవైపు చూడండి. చిన్న చిన్న ఆకుపచ్చ దీపాలు మినుకుమినుకుమంటుంటాయి. రక్తం ఎర్రగా ఎందుకు కనిపిస్తుంది? ఎరుపు కాంతిని వెనక్కు పంపి, ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కనుక. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టు చర్మం కింద సన్నని నాళాల్లోకి రవ్వంత ఎక్కువ రక్తం వస్తుంది. అప్పుడు పచ్చ కాంతి రవ్వంత ఎక్కువగా ఇంకిపోతుంది. తిరిగి వచ్చే కాంతి ఆ మేరకు తగ్గుతుంది. మరుక్షణం మళ్ళీ పెరుగుతుంది. దీపాల పక్కనే ఉన్న కాంతి గ్రాహకం ఈ హెచ్చుతగ్గులను పట్టుకుంటే, లోపలి చిన్న కంప్యూటరు వాటిని లెక్కగట్టి అంకె వేస్తుంది.

గడియారం నేరుగా చూసేది కాంతిలో కలిగే మార్పును మాత్రమే. ఆ మార్పు దేనివల్ల వచ్చిందో ఊహించవలసినది ఆ కంప్యూటరే. మీరు పరుగెత్తేటప్పుడు అడుగు పడిన ప్రతిసారీ చెయ్యి అదురుతుంది. గడియారం చర్మంమీద కదులుతుంది. దానికింద రక్తం కూడా చెదురుతుంది. వదులుగా కట్టుకుంటే బయటి వెలుగు కూడా లోపలికి దూరుతుంది. ఈ గొడవలో గుండె లయ ఏదో, కాళ్ళ లయ ఏదో యంత్రానికి తెలియక, గట్టిగా వినిపించిన లయనే పట్టుకుంటుంది. జాతరలో డప్పుల మోత మధ్య పక్కవాడి మాట వినాలని ప్రయత్నించడం వంటిదే ఇదీ.

ఒకసారి తరగతిలో సరదాకు ఇలాంటి గడియారాన్నే అరటి దూటకు కట్టాను. అరటి చెట్టు బోదె పొరలు ఒలిస్తే మిగిలే తెల్లటి దూట మణికట్టంత లావుంటుంది కదా! కొంతసేపు తటపటాయించి, అది 70 పైన ఏదో అంకె చూపించింది. పిల్లలంతా గొల్లుమన్నారు. కూరకు గుండె లేదని మనకు తెలుసు కనుక నవ్వాం. మన చేతిమీద అదే అంకె కనిపిస్తే నమ్మేస్తాం. ఆలోచించవలసిన విషయం ఇదే.

సైకిలుమీద ఇంకో చిక్కు

అడుగుల అదురు సైకిలుమీద ఉండదు కనుక అక్కడ గడియారం సరిగ్గా పనిచేస్తుందనుకోవచ్చు. అక్కడ వేరే చిక్కులున్నాయి. హ్యాండిలును బిగించి పట్టుకుంటే మణికట్టు కండరాలు బిగుసుకుంటాయి, చర్మం కిందికి రక్తం వచ్చే తీరు మారుతుంది. మణికట్టు వెనక్కి వంగితే గడియారం చర్మాన్ని వదిలి లేస్తుంది. గతుకుల రోడ్డు కుదుపులు సరేసరి. చలిలో చర్మానికి చేరే రక్తమే తగ్గుతుంది.

నేను యాభై దాటినవాణ్ణి. రోజూ సైకిలుమీదే బడికి వెళతాను. నాడి 130 దాటనివ్వవద్దని నాకు డాక్టరు గారి హెచ్చరిక ఉంది. ఒకనాడు ఎదురుగాలిలో వంతెన ఎక్కుతున్నాను. ఆయాసం వస్తున్నది, చెమటలు పోస్తున్నాయి. గడియారం మాత్రం 98 అంటున్నది. "ఇంకా చాలా వెసులుబాటు ఉన్నదే!" అని తొక్కుతూ పోయి ఉంటే ఏమయ్యేదో! దిగి, మెడపక్కన వేళ్ళు ఆనించి పది సెకన్లు లెక్కపెట్టాను. 25. అంటే నిమిషానికి 150. నిజం చెప్పింది నా ఆయాసమే. చూశారా, ఒక గడియారం లేని భయం పుట్టిస్తే, ఇంకొకటి ఉన్న ప్రమాదాన్ని దాచింది.

నాలుగు వందల ఏళ్ళ ప్రయాణం

గుండెనూ గడియారాన్నీ ముడిపెట్టడం ఈనాటి సంగతి కాదు. గెలీలియో యువకుడిగా ఉన్నప్పుడు పీసా చర్చిలో ఊగే దీపాన్ని తన నాడితో కొలిచాడని ఒక కథ చెబుతారు. నిజమైనా కాకున్నా, నాడికీ లోలకానికీ ఉన్న సంబంధాన్ని వాడుకున్న ఇటలీ వైద్యుడు శాంటోరియో మాత్రం చరిత్రలో ఉన్నాడు. 17వ శతాబ్దం తొలినాళ్ళలో ఆయన దారానికి గుండు కట్టి, అది రోగి నాడితో సమానంగా ఊగేదాకా దారం పొడవు మార్చేవాడు. ఆ పొడవే నాడి వేగానికి కొలత. 1707లో ఇంగ్లండు వైద్యుడు జాన్ ఫ్లోయర్, సరిగ్గా ఒక నిమిషం నడిచి ఆగే గడియారంతో నాడి లెక్కపెట్టడాన్ని గురించి పుస్తకం రాశాడు.

తరువాతి పెద్ద అడుగు హాలెండు శాస్త్రవేత్త ఐంథోవెన్‌ది. కొట్టుకునే ముందు గుండెలో సన్నని విద్యుత్తు పుడుతుంది. 20వ శతాబ్దం ఆరంభంలో ఆయన దానిని స్పష్టంగా నమోదు చేసే యంత్రాన్ని నిర్మించాడు. 1924లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ యంత్రం బరువు దాదాపు 270 కిలోలు! రోగి తన చేతులనూ కాలినీ ఉప్పునీటి పాత్రల్లో ముంచి కూర్చోవాలి. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది కనుక.

ఆ యంత్రం చేసిన పనిలో మనకు కావలసిన కాస్త భాగాన్నీ ఇప్పుడు ఛాతీకి కట్టుకునే పట్టీ చేస్తున్నది. ఫిన్లాండులోని పోలార్ సంస్థ 1982లో తీగలు లేని ఇటువంటి పరికరాన్ని క్రీడాకారుల కోసం అమ్మకానికి తెచ్చింది. ఛాతీ పట్టీ గుండె విద్యుత్తునే వింటుంది, కాంతి మార్పులతో దానికి పనిలేదు. అందుకే పరుగులోనూ సైకిలుమీదా మణికట్టు గడియారం కంటే ఇది ఎక్కువ నమ్మదగినది. అయితే కట్టుకునేముందు లోపలివైపు నీటితో తడపాలి. పొడిగా కట్టుకుంటే చెమట పట్టేదాకా తిక్క అంకెలు చూపిస్తుంది. ఐంథోవెన్ ఉప్పునీటి పాత్రలు ఎందుకు పెట్టాడో గుర్తు తెచ్చుకుంటే కారణం మీకే తెలుస్తుంది.

మీరే పరీక్షించండి

కిరాణా కొట్టులో త్రాసుమీద అనుమానం వస్తే ఏం చేస్తాం? ఖాళీ తట్టలు సమంగా నిలిచాయా అని చూస్తాం. సరుకునూ రాళ్ళనూ తట్టలు మార్చి తూయిస్తాం. గడియారానికీ అలాంటి పరీక్ష పెట్టాలి.

చూపుడువేలు, నడిమివేలు బొటనవేలి దిక్కున మణికట్టుమీద మెల్లగా ఆనించండి. బొటనవేలితో మాత్రం చూడకండి. దానిలోనూ నాడి కొట్టుకుంటుంది కనుక లెక్క తప్పవచ్చు. మెడ దగ్గర చూసేటట్లయితే ఒక పక్కనే, మెత్తగా ఆనించాలి. రెండు పక్కలా ఎన్నడూ నొక్కకూడదు.

మొదట ఐదు నిమిషాలు ఊరికే కూర్చొని, నిండు నిమిషం లెక్కపెట్టి, గడియారం అంకె పక్కన రాసుకోండి. తరువాత 400 మీటర్లు పరుగెత్తి, ఆగిన వెంటనే పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆలస్యం చేయవద్దు. పరుగు ఆపగానే నాడి త్వరత్వరగా దిగిపోతుంది. మూడోది, అడుగుల పరీక్ష. మీ అడుగుల లెక్కా గడియారం అంకే ప్రతిసారీ ఒకటే అవుతుంటే అనుమానించండి. పరుగు మొదలైన కొద్ది సెకన్లలోనే అంకె ఎగిరి ఒకేచోట కూర్చున్నా అనుమానించండి. నిజమైన గుండె మెట్లెక్కినట్లు పెరుగుతుంది.

ఒక్కసారి చూసి తీర్పు చెప్పవద్దు. పది రోజులు చూసి పట్టిక వేయండి. మన వేళ్ళ లెక్కలోనూ తప్పు ఉంటుందని మరువకండి. పదిహేను సెకన్లలో ఒక్క దెబ్బ తప్పితే నిమిషానికి నాలుగు తేడా వస్తుంది. కనుక నాలుగైదు తేడా ఉంటే గడియారాన్ని నిందించనక్కర లేదు. తరచుగా ఇరవై, ముప్ఫై తేడా వస్తే దానిని వ్యాయామానికి నమ్మవద్దు. అయితే ముందు మణికట్టు ఎముకకు రెండు వేళ్ళ పైన, కదలకుండా బిగించి కట్టి మళ్ళీ చూడండి. చాలా గడియారాలు ఆపాటి మర్యాదకే దారికొస్తాయి.

ఇంకొక హెచ్చరిక. చాలా గడియారాలు 220 నుంచి వయసు తీసివేసి "ఇదే నీ గుండె హద్దు" అంటాయి. 1971లో ప్రచురితమైన ఒక వ్యాసం ద్వారా వ్యాపించిన ఈ లెక్క పెద్దల సగటుకు ఒక ఉజ్జాయింపు మాత్రమే. ఒకే వయసు మనుషుల్లో అసలు హద్దు పది, పన్నెండు దెబ్బలు అటూ ఇటూ ఉండడం మామూలే. దానిని బట్టి పిల్లవాడికి భయం పెట్టడం గాని, మార్కులు వేయడం గాని తగదు.

ఇక మొదటి ప్రశ్న. ఏది కొనాలి? ప్రతి విద్యార్థికీ ఒకటి అవసరమని నేననుకోను. బడికి ఒక మంచి ఛాతీ పట్టీ ఉంటే చాలు. కడిగి, ఆరబెట్టి అందరూ వాడుకోవచ్చు, మిగతా గడియారాలను దానితో పోల్చి చూడవచ్చు. ఛాతీకి కట్టుకోవడం ఇబ్బందైనవారికి భుజం కింద చేతికి కట్టే కాంతి పట్టీ మణికట్టు గడియారం కంటే మేలు. అక్కడ కదలిక తక్కువ.

ఏది కట్టుకున్నా ఒకటి గుర్తుంచుకోండి. కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినట్లు అనిపించినా అంకె ఎంత ఉన్నా సరే, వెంటనే ఆగి పెద్దలకు చెప్పాలి, డాక్టరును చూడాలి. హాయిగా పరుగెత్తుతుంటే అంకె భయపెట్టినప్పుడు, ముందు ఆగి రెండు వేళ్ళు మణికట్టుమీద పెట్టి చూసుకోండి. వేళ్ళకూ అదే లెక్క వస్తే అప్పుడు డాక్టరుకు చూపించండి.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. రోజూ పరుగెత్తుతున్నది. గడియారమూ కట్టుకుంటున్నది. పరుగయ్యాక మాత్రం మొదట నాడి లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుని, ఆ తరువాతే గడియారం వంక చూస్తుంది.