పాడి తెలిసినంత మాత్రాన గుర్రం తెలియదు



పాడికి, పట్టుకు, మామిడికి పేరున్న మా శ్రీనివాసపురం తాలూకాలో పశువుల సంగతి పిల్లలకు కూడా తెలుసు. ఆ తెలివితోనే పెళ్లి ఊరేగింపులకనో సరదాకనో మొదటిసారి గుర్రం కొనేవారు దెబ్బ తింటున్నారని నా వాదన. దళారి వయసు దాచి అంటగట్టాడని అందరూ తిట్టుకుంటారు. నిజమే కావచ్చు, కానీ వయసు సుమారుగా ఎంతో పశువైద్యుడు నోరు తెరిచి ముందుపళ్లు చూసి చెప్పగలడు. అసలు తప్పులు గుర్రం ఇంటికొచ్చి ఆవు పక్క గాటికి చేరాకే మొదలవుతాయి.

ఆవు కడుపులో నాలుగు గదులు. గబగబా మేసింది తరువాత తీరిగ్గా నెమరేసుకుంటుంది, పూటకో మోపు వేస్తే చాలు. గుర్రానికి ఉన్నది ఒకే చిన్న కడుపు. దానికి నెమరు లేదు, పడని తిండిని కక్కేయడమూ చేతకాదు. గడ్డి అరిగేది వెనకున్న పెద్దపేగులో కనుక రోజంతా కొంచెం కొంచెంగా నములుతూనే ఉండాలి. 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుమేత కావాలి, దాణా ఆ తరువాతి మాట. బలం వస్తుందని ఒకేసారి తట్టెడు గింజలు పెడితే పేగులో పులిసి శూల పడుతుంది. ముంగాలితో నేల గీరుతుంది, తల తిప్పి డొక్క చూసుకుంటుంది, పడి పొర్లుతుంది. మొండికేసిందని అదిలిస్తూ కూర్చుంటే వైద్యానికి వేళ మించిపోతుంది. ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. కొన్ని పశువుల దాణాల్లో, కోళ్ల మేతల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవు తట్టుకునే ఆ మోతాదే గుర్రం గుండెను దెబ్బతీసి ప్రాణం తీయగలదు.

జట్కావాళ్లు ఏం చదువుకుని గుర్రాలను సాకారని కొందరు అడుగుతారు. వాళ్లకు తండ్రి నేర్పిన పని ఉండేది, పిలిస్తే పలికే లాడాలు కొట్టేవాడు ఉండేవాడు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించకపోతే నడకే చెడుతుంది. ఈ రోజు ఆ పనివాడి కోసం ఎంత దూరం వెళ్లాలో కొనేముందు ఎవరు ఆలోచిస్తున్నారు? ఇది పేదరికం వల్ల వచ్చిన చిక్కు కూడా కాదు. 13వ శతాబ్దంలో తమిళ తీరాన్ని చూసిన మార్కోపోలో, అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొన్నా ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవని రాశాడు. సాకడం తెలియకపోవడం, లాడాలు కొట్టేవారు లేకపోవడం అతను చెప్పిన కారణాలు. వ్యాపారం తగ్గకూడదని వర్తకులే ఆ పనివాళ్లను రానివ్వలేదట. రాజుల ఖజానా కూడా ఆ లోటు పూడ్చలేకపోయింది.

ఇలాగైతే గుర్రం పెద్దలకే గాని మనకు కాదా అనవచ్చు. కొనవద్దని నేను అనడం లేదు. బాగా చూసుకుంటే పాతికేళ్లు బతికే జంతువు అది. అడిగిన ధరతో పాటు మేత, లాడాలు, ధనుర్వాతం టీకా, నులిపురుగుల మందు, ఆపదొస్తే బెంగళూరు దాకా బండి ఖర్చు ముందే లెక్క కట్టుకోవాలి. కొన్ని నెలలు గుర్రమున్న చోట పనిచేసి నేర్చుకుని, ఆ తరువాత బేరమాడాలి. మీ పత్రికలో ఆవుల పోషణ గురించి రాయిస్తున్నట్టే గుర్రాల గురించి కూడా పశువైద్యుల చేత రాయించమని కోరుతున్నాను. ముందుగా శూల లక్షణాలు, వైద్యుడు వచ్చేలోగా చేయవలసినవి, చేయకూడనివి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గౌనిపల్లి, కోలారు జిల్లా