నడక ఒక్కటే చాలదు

"రోజూ గంటసేపు నడుస్తున్నాను, ఇంకా వ్యాయామం ఎందుకండీ?" అని అరవై దాటిన వారు అడుగుతుంటారు. నడక గుండెకు, మధుమేహానికి మంచిదే. కానీ తూలి పడకుండా ఉండడానికి అది చాలదని నా అభిప్రాయం.

పడినవారందరూ "కాలు జారింది" అంటారు. సర్వీసులో ఉన్నంతకాలం నేనూ కేసు షీటులో అదే రాశాను. తుంటి ఎముక విరిగి వచ్చిన వారికి కాల్షియం మాత్రలు రాసి పంపానే గాని, నిలబడే పద్ధతి నేర్పలేదు. 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన నా కళ్లు తెరిపించింది. కెనడాలోని రెండు వృద్ధాశ్రమాలలో కెమెరాలకు చిక్కిన 227 ఘటనలలో నిజంగా జారి పడినవి 3 శాతమే. 41 శాతం మంది శరీర బరువును సరిగా మార్చుకోలేక పడ్డారు. మంచం దిగి తిరగబోతూ, కుర్చీలో కూర్చోబోతూ మనం పడేది అలాగే.

ఆ బరువు మార్పునే నెమ్మదిగా సాధన చేయించే విద్య చైనావారి తైచీ. అది మొదట యుద్ధవిద్య. 1956లో అక్కడి ప్రభుత్వం దానిని 24 భంగిమలకు కుదించి ప్రజలకు అందించింది. మనకు అవన్నీ అవసరం లేదు, మొదటి మెట్టు చాలు.

గోడ పక్కన, బరువైన కుర్చీ వెనుక నిలబడండి. పాదాల మధ్య భుజాలంత ఎడం ఉండాలి. మోకాళ్లను కొద్దిగా సడలించండి; మునివేళ్లను దాటి ముందుకు వంచవద్దు. నడినెత్తిని ఎవరో దారంతో పైకి లాగుతున్నట్లు భావించి, గడ్డాన్ని కొంచెం లోనికి తీసుకొని, భుజాలు జారవిడవండి. గూని అప్పటికప్పుడే కొంత సర్దుకుంటుంది. ఇప్పుడు రెండు మూడు శ్వాసల కాలంలో బరువునంతా కుడికాలి మీదికి తెచ్చి, ఎడమ మడమను కాస్త పైకెత్తండి. తైచీలో బరువు మోసేది నిండు కాలు, మోయనిది ఖాళీ కాలు. అంతే నెమ్మదిగా ఎడమకు మార్చండి. ఐదు నిమిషాలు చాలు.

వేగంగా చేస్తే ఊపు మన లోపాన్ని దాచేస్తుంది. నెమ్మదిగా చేస్తేనే ఎక్కడ తూలుతున్నామో తెలుస్తుంది.

వృక్షాసనం ఉండగా ఇదెందుకని ఒక యోగా మిత్రుడు నాతో వాదించాడు. వృక్షాసనం కదలకుండా నిలవడం నేర్పుతుంది. మనం పడేది కదిలేటప్పుడు!

అమెరికాలో పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న, 70 దాటిన 670 మందిపై జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. 24 వారాలు తైచీ చేసినవారు, కేవలం సాగదీత వ్యాయామాలు చేసినవారికన్నా 58 శాతం తక్కువసార్లు పడ్డారు. వారు చేసినది వారానికి రెండు తరగతుల పూర్తి శిక్షణ. నా ఐదు నిమిషాలకు అంత ఫలితం ఉంటుందని చెప్పను.

మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినవారు కళ్లు మూసుకొని చేయరాదు, కుర్చీపై నుండి చేయి తీయరాదు. లేవగానే కళ్లు తిరిగేవారు, ఇటీవల ఎముక విరిగినవారు ముందు తమ వైద్యునికి చూపించుకోవాలి. జారే చాప మీద చేయకండి. చీర కుచ్చిళ్లు, లుంగీ అంచు పాదాల కింద పడకుండా ముందే పైకి దోపుకోండి.