గోల్కొండ సొమ్ము.. జింజి గోడ

శివాజీ పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేవి రెండు. అఫ్జల్‌ఖాన్‌ని చీల్చిన పులిగోళ్లు, ఆగ్రా నుంచి తప్పించుకున్న మిఠాయి బుట్టలు. రెండూ పిల్లలకు చెప్పదగ్గ కథలే. కానీ ఆయన పోయాక మరాఠా రాజ్యాన్ని బతికించింది పులిగోళ్లూ కాదు, బుట్టలూ కాదు.. మూడు కొండల మీదున్న ఓ కోట. అదీ మహారాష్ట్రలో కాదు! అది చేజిక్కించుకోవడానికి ఖర్చు పెట్టుకున్నది మన గోల్కొండ.

2025 జులైలో యునెస్కో 12 మరాఠా కోటల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో పదకొండు మహారాష్ట్రలోనే ఉన్నాయి. పన్నెండోది మాత్రం తమిళనాడు విళుప్పురం జిల్లాలోని జింజి. మన పెద్దలు చెంజి అనేవారు. దేసింగు రాజు కథ వినే ఉంటారుగా, ఆ కోటే. రాయగఢ్ నుంచి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అంత దూరంలో శివాజీకేం పని?

సంగతి తెలియాలంటే 1665కి వెళ్లాలి. అప్పటికి శివాజీ జోరు మీదున్నాడు. 1659లో బీజాపూర్ సైన్యాన్ని ప్రతాప్‌గఢ్ కింద చిత్తు చేశాడు. 1663లో పుణెలో షాయిస్తాఖాన్ విడిదిలోకి రాత్రికి రాత్రి చొరబడ్డాడు. మర్నాటి ఏడాది సూరత్‌ని దోచాడు. ఇక లాభం లేదని ఔరంగజేబు ఈసారి రాజా జైసింగ్‌ని పంపాడు. ఆయన శివాజీ వెంట పరుగులు పెట్టలేదు. నేరుగా పురందర్ కోటను చుట్టేశాడు, చుట్టుపక్కల పల్లెల్ని కాల్పించాడు. ఫలితం.. ఒప్పందం మీద శివాజీ 23 కోటలు అప్పగించాల్సి వచ్చింది. మిగిలినవి 12. తర్వాత ఆగ్రా ప్రయాణం, తప్పించుకు రావడం, 1670 నుంచి పోయిన కోటల్ని ఒక్కొక్కటిగా లాక్కోవడం మనకు తెలిసినవే. కానీ కోటలన్నీ సహ్యాద్రి కొండల్లోనే గుత్తిగా ఉంటే, ఒక్క పెద్ద సైన్యం వచ్చి గొంతు పట్టుకోగలదని పురందర్ చెప్పేసింది.

1674లో పట్టాభిషేకం అయ్యింది. ఖజానా ఖాళీ అయ్యింది కూడా. సరిగ్గా ఆ రోజుల్లోనే మొగలులు పఠాన్లతో వాయవ్య సరిహద్దులో తలమునకలుగా ఉన్నారు. బీజాపూర్ దర్బారులో పఠాన్లకూ దక్కనీలకూ పడటం లేదు. ఇంతకన్నా మంచి సమయం దొరకదు. 1677 ఆరంభంలో శివాజీ సైన్యంతో హైదరాబాద్ బయల్దేరాడు. దోచుకోవడానికి కాదు, అతిథిగా! గోల్కొండ పొలిమేరలో ఒక్క గింజ ముట్టుకున్నా ఊరుకునేది లేదని, ఏం కావాలన్నా డబ్బిచ్చి కొనాలని సైనికులకు గట్టిగా చెప్పాడు. సూరత్ సంగతి విన్న హైదరాబాదు వర్తకులు ఊపిరి పీల్చుకునే ఉంటారు.

అప్పటి సుల్తాను అబుల్ హసన్, మన తానీషా. పెత్తనమంతా మంత్రి మాదన్నది, ఆయన అన్న అక్కన్నది. మొగలుల్ని అడ్డుకోవాలంటే మరాఠాలు అండగా ఉండాలన్నది మాదన్న లెక్క. బేరం కుదిరింది. రోజుకు మూడు వేల హొన్నులు గోల్కొండ ఇవ్వాలి, కొంత సైన్యాన్నీ ఫిరంగుల్నీ పంపాలి. దక్షిణాన గెలిచిన దాంట్లో, శివాజీ తండ్రి షాజీ జాగీరు పోను మిగతాది పంచుకోవాలి.

అక్కడి నుంచి శ్రీశైలం, కడప, తిరుపతి, కాళహస్తి మీదుగా మద్రాసు దగ్గరికి చేరాడు. అక్కడి ఇంగ్లీషు వర్తకులకు మనిషిని పంపి విషానికి విరుగుడు మందులు కావాలన్నాడట. వాళ్లు మారుమాట్లాడకుండా పంపారు. జింజి బీజాపూర్ చేతిలో ఉండేది. ముట్టడి అక్కర్లేకుండానే, కిల్లేదారుతో బేరంతో అది చేతికొచ్చింది. వేలూరు మాత్రం లొంగడానికి ఏడాది పైనే పట్టింది. తంజావూరులో ఉన్న సవతి తమ్ముడు ఏకోజీ, ఆస్తిలో వాటా మాట ఎత్తగానే రాత్రికి రాత్రి జారుకున్నాడు. (ఈ ఏకోజీ కొడుకు షాహాజీయే తర్వాత తంజావూరులో తెలుగు యక్షగానాలు రాశాడు.)

మరి గోల్కొండ వాటా? ఒక్క ఊరు కూడా రాలేదు. తానీషా డబ్బు పంపడం మానేశాడు.

శివాజీ దక్షిణానికి వచ్చింది డబ్బు పిండుకోవడానికేనని చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ తేల్చేశారు. కాదు, కష్టకాలంలో తలదాచుకోవడానికి రెండో చోటు సిద్ధం చేసుకున్నాడని అంతకుముందే మహాదేవ గోవింద రానడే అన్నారు. నాకు రానడే మాటే సబబనిపిస్తుంది. ఎందుకంటే అప్పట్లో తమిళ దేశంలో ఉన్న క్రైస్తవ పాదరీల ఉత్తరాల్లో, శివాజీ జింజికి కొత్త గోడలు కట్టించి, కందకాలు తవ్వించి, బురుజులు లేపిన వైనం ఉంది. డబ్బు మూట కట్టుకుని పోయేవాడు గోడలెందుకు కడతాడు?

శివాజీ 1680లో పోయాడు. ఔరంగజేబు స్వయంగా దక్కను దిగాడు. 1686లో అక్కన్న మాదన్నల్ని గోల్కొండ వీధిలో నరికేశారు. మర్నాటి ఏడాది ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాడే ఒకడు లంచం తిని రాత్రిపూట తలుపు తీయడంతో గోల్కొండ పోయింది. శివాజీ తన కోటల్లో ఒక్కడి చేతిలో పెత్తనం పెట్టేవాడు కాదు. హవల్దారు, సర్‌నోబత్, సబ్నీసు.. ముగ్గురు అధికారులు, అందరిదీ ఒకే కులం కాకుండా చూసేవాడు. అయినా 1689లో శంభాజీని మొగలులు చంపాక రాయగఢ్ కూడా నిలవలేదు.

అప్పుడు పనికొచ్చింది జింజి. శంభాజీ తమ్ముడు రాజారాం మారువేషంలో దక్షిణానికి పరుగెత్తి ఆ కోటలో దర్బారు పెట్టాడు. మొగల్ సేనాని జుల్ఫికర్‌ఖాన్ 1690లో వచ్చి చుట్టేశాడు. ఏడాదీ రెండేళ్లూ కాదు, 1698 దాకా! సంతాజీ ఘోర్పడే, ధనాజీ జాదవ్ బయటి నుంచి వచ్చి పడుతుంటే, ముట్టడి వేసినవాళ్లకే తిండి కరువైన రోజులున్నాయి. చివరికి కోట పడే వేళకు లోపల రాజు లేడు. రాజారాం ముందే వేలూరు మీదుగా తప్పించుకుని మహారాష్ట్ర చేరిపోయాడు. ఔరంగజేబు మరో తొమ్మిదేళ్లు మరాఠాలతోనే పోరాడుతూ 1707లో అహ్మద్‌నగర్‌లో కన్నుమూశాడు. ఢిల్లీ మళ్లీ చూడనేలేదు.