చెవులు పోయాక ఏం వింటాం?



మా ఊరి తమ్ముడు ఒకడు ఇక్కడ హౌస్ డ్రైవర్. వాళ్ల సేఠ్ కొత్త వేట రైఫిల్ కొన్నడు. గురి సరిచూసుకోవడానికి లూసెయిల్ షూటింగ్ రేంజ్‌కి పోతుంటే, అల్ వక్రా నుంచి మేము కూడా పోయినం. 2006 ఏషియన్ గేమ్స్ షూటింగ్ పోటీలు జరిగింది అక్కడే.

రైఫిల్ ఇంకా సంచిలోనే ఉంది, మాకు ఇయర్ మఫ్‌లు ఇచ్చారు. "మేము కాల్చం, చూస్తం అంతే" అన్నాం. "చూసేటోళ్ల చెవులకూ సప్పుడు అంతే" అన్నరు. సేఠ్ నాలుగు గుండ్లు కాల్చుడు, కాగితం చూసుడు, స్కోప్ తిప్పుడు, మళ్లీ కాల్చుడు. మొత్తం ఇరవై కూడా దాటలేదు.

ఇరవై సప్పుళ్లకు అంత జాగ్రత్త. మరి మన సైట్ల? బ్రేకర్ మిషన్ సప్పుడు దాదాపు 100 డెసిబెల్స్. చెవులకు ఏమీ లేకుండా అంత సప్పుడు రోజుకు 15 నిమిషాలు దాటొద్దని నిపుణుల లెక్క. మన తమ్ముళ్లు చెవుల్ల దూది పెట్టుకొని పూటంతా కొడుతున్నరు.

కంపెనీ మీద నెట్టి మేము తప్పించుకోం. హెల్మెట్ లేకుంటే గేటు దగ్గరే ఆపే సూపర్‌వైజర్లం, మఫ్ అడిగితే "రేపు చూద్దాం" అన్నాం. తల పగిలితే రక్తం కనబడతది, చెవి పోతే ఏమీ కనబడదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఎందుకట్ల అరుస్తున్నవ్ నాన్నా" అని పిల్లలు అంటేనే తెలుస్తది. మాకు అట్లనే తెలిసింది.

పోయిన వినికిడి తిరిగి రాదు. మఫ్ లేనిదే మిషన్ పట్టకండి. సూపర్‌వైజర్ తిడితే తిట్టనియ్యండి. ఆ తిట్లు వినబడుతున్నయంటే మీ చెవులు బాగున్నట్టే.